లాయరు ఉంటే సరా, కేసు చదివే టైం ఉండొద్దూ?

2017లో చెన్నై శివార్లలో ఏడేళ్ల పాప హత్యకు గురైంది. ఆ కేసులో చెంగల్పట్టు కోర్టు 2018 ఫిబ్రవరిలో ఉరిశిక్ష వేసింది, మద్రాసు హైకోర్టు ఖరారు చేసింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ముద్దాయిని విడుదల చేసేసరికి నగరంలోని తెలుగువాళ్లలోనూ కోపం, అనుమానం: లాయరు వంకతో వదిలేశారా?

అదొక్కటే కాదు. సాక్ష్యాల్లోనే లొసుగులున్నాయని కోర్టు చెప్పింది. అయితే అభియోగాలు మోపిన రోజున ముద్దాయికి లాయరే లేడని, తర్వాత ఇచ్చిన లాయరుకు కేసు చదువుకునే వ్యవధి దొరకలేదని కూడా తప్పుపట్టింది. ఈ రెండో మాటకు చాలా పాత చరిత్ర ఉంది. దాని తొలి పేజీల్లో ఉన్నది మన తెలంగాణే.

సాయుధ పోరాటం కేసుల్లో హైదరాబాద్ ప్రత్యేక ట్రైబ్యునల్ శిక్ష వేసిన ఖైదీలు, తమకు లాయరు లేకుండానే విచారణ నడిపారని సుప్రీంకోర్టుకెక్కారు. ఇదే జనార్దనరెడ్డి కేసు. 1951లో కోర్టు ఒప్పుకోలేదు. లాయరు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదు, దానివల్ల అన్యాయం జరిగిందని తేలాలి అంది. పైగా ఆ విచారణ రాజ్యాంగం రాకముందే ముగిసింది.

రాజ్యాంగం 22వ అధికరణ నచ్చిన లాయరును పెట్టుకోమంది. ఫీజు ఎవరిస్తారో చెప్పలేదు. పేదలకు ఉచిత న్యాయసహాయం అందించాలంటూ 1976లో చేర్చిన 39ఎ అధికరణ, లాయరును పెట్టుకోలేని ఖైదీకి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలన్న 1978 నాటి సుప్రీంకోర్టు హోస్కాట్ తీర్పు ఆ ఖాళీని కొంత పూడ్చాయి. అసలు మలుపు 1986 నాటి సుఖ్ దాస్ కేసు. ముద్దాయి అడగలేదు కాబట్టి ఇవ్వలేదంటే కుదరదు, ఉచితంగా లాయరు దొరుకుతాడని చెప్పాల్సింది జడ్జే అంటూ శిక్ష కొట్టేశారు. 2010లో కోయంబత్తూరు నుంచి వెళ్లిన కేసులో, ఫలానావాళ్ల తరఫున వాదించొద్దని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం చెల్లదన్నారు.

టైం గొడవ తేలింది 2019లో, మధ్యప్రదేశ్‌కు చెందిన అనోఖీలాల్ కేసులో. లాయరును ఇచ్చిన రోజే అభియోగాలు మోపి, రెండు వారాల్లో ఉరిశిక్ష వేసేశారు. సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసి మొదటినుంచి విచారించమంది. ఉరి, యావజ్జీవం పడే కేసుల్లో పదేళ్ల అనుభవమున్న లాయరును ఇవ్వాలి, సిద్ధమవడానికి మామూలుగా కనీసం 7 రోజులు ఇవ్వాలి అంది. చెంగల్పట్టు విచారణ నాటికి ఈ నియమం లేదు.

ఏడు రోజులైనా తక్కువే అంటాను. తమిళం గడగడా మాట్లాడుతూ చదవడం రాని తెలుగువాళ్లు చెన్నైలో కొల్లలు. అలాంటివాడి చేతిలో తమిళ చార్జిషీటు పెడితే, లాయరు దాన్ని చదివి వినిపించేసరికే సగం వారం పోతుంది.