న్యూట్రల్‌లో ఘాట్ దిగితే పెట్రోలు మిగులుతుందా?

మైలేజీ మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి అయితే మిగలదు, పైగా అనవసరంగా ఖర్చవుతుంది. బండిని గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే, వాలు మీద ఇంజనులోకి ఒక్క చుక్క పెట్రోలు కూడా వెళ్లదు. ఇంజను మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే.

సిలిండరుకో ఇంజెక్టర్ ఉంటుంది. కరెంటు అందినప్పుడు దాని సన్నటి మూతి కొన్ని మిల్లీసెకన్లు తెరుచుకుని, పెట్రోలు చిమ్మి మూసుకుంటుంది. ఎంతసేపు తెరవాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మీరు కాలు తీసిన సంగతి థ్రాటిల్ (ఇంజనులోకి గాలి వదిలే మూత) సెన్సర్ దానికి చెబుతుంది. ఇంజను ఇంకా జోరుగానే తిరుగుతోందని దాని చుట్లు లెక్కపెట్టే క్రాంక్ సెన్సర్ చెబుతుంది. కాలు తీశాక కూడా ఇంజను అలా తిరుగుతోందంటే, చక్రాలే దాన్ని తిప్పుతున్నాయన్నమాట. ఇక పెట్రోలుతో పనేముంది? ఈసీయూ ఇంజెక్టర్లకు కరెంటు ఆపేస్తుంది. వేగం నిమిషానికి 1,200, 1,500 చుట్ల దగ్గరికి పడిపోయినప్పుడు, ఇంజను ఆగిపోకుండా మళ్లీ పెట్రోలు వదులుతుంది. న్యూట్రల్ వేశారనుకోండి, చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగిపోతుంది. ఇంజను తనంతట తాను తిరగాలి కాబట్టి ఐడిల్‌కి కావలసిన పెట్రోలు తాగుతూనే ఉంటుంది.

తిరుమల నుంచి దిగడమే తీసుకుందాం. కిందికి దాదాపు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,000 కిలోల కారు అనుకుంటే, కొండ మీద దాని స్థితిజశక్తి సుమారు 68 లక్షల జౌళ్లు. పుస్తకాల్లో ఈ పాఠానికి మేడ మీది రాయి బొమ్మ వేస్తారు. మన పిల్లలకు తిరుమల బస్సు బొమ్మ వేసి చెబితే ఎంత బాగా ఎక్కుతుందో! ఆ 68 లక్షల జౌళ్లతో 30 డిగ్రీల నీళ్లు 23 లీటర్లు, అంటే పెద్ద గుండిగెడు, మరిగే దాకా కాచవచ్చు. కొంత టైర్లు, గాలి మింగేస్తాయి. న్యూట్రల్‌లో దిగితే మిగతా వేడంతా బ్రేకు డిస్కులకూ ప్యాడ్లకూ చేరుతుంది. అవి కాగిపోతే పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. గేరులో దిగితే ఆ శక్తిలో మంచి వాటాను ఇంజను తీసుకుంటుంది. మూసుకున్న థ్రాటిల్ వెనక పిస్టన్లు గాలి కోసం గుంజులాడుతూ బండిని పట్టి ఉంచుతాయి. ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే. ఇంజను పూర్తిగా ఆపేసి దిగడం మరీ ప్రమాదం. రెండు మూడుసార్లు తొక్కేసరికి, మన తొక్కుడుకు బలం జోడించే బ్రేకు బూస్టర్‌లోని వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది.

పెట్రోలు లెక్క కూడా చూద్దాం. చిన్న కారు ఐడిల్‌లో గంటకు ముప్పాతిక లీటరు దాకా తాగుతుంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. 40 నిమిషాల దిగుడుకు న్యూట్రల్‌లో అర లీటరు దాకా పోవచ్చు. గేరులో ఉంటే, మలుపుల్లో కాస్త తొక్కినప్పుడు తప్ప ఖర్చుండదు. ఏసీ కంప్రెసర్‌ని కూడా కొండవాలే తిప్పిపెడుతుంది.

న్యూట్రల్ సలహా ఇచ్చిన పెద్దవాళ్లను తప్పుపట్టలేం. ఇంజెక్టర్లు లేని పాతకాలపు కార్బ్యురేటర్ బండిలో పెట్రోలు ఆపే ఏర్పాటు సాధారణంగా ఉండదు. ఇంజను ఎంత వేగంగా తిరిగితే ఐడిల్ దారిలోంచి అంత పెట్రోలు లాక్కుంటుంది. వాళ్లు తమ బండ్లలో చూసిందే చెప్పారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకులు కూడా దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే.

తెల్లవారుజామున చల్లటి వేళ కొట్టిస్తే పెట్రోలు ఎక్కువ వస్తుందన్న నమ్మకం మాత్రం వదిలేయాలి. పెట్రోలు డిగ్రీకి వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది, నిజమే. కానీ బంకులో ట్యాంకు భూమి లోపల ఉంటుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ అక్కడ వేడి పెద్దగా మారదు. మైలేజీ పెరుగుతుందని పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతాల మీద పెట్టే డబ్బులైతే దండగే. ఆ డబ్బుతో టైర్లలో గాలి చూసుకునే గేజ్ కొనుక్కోవచ్చు.

గేరులోనే ఉండి కాలు తీసే కిటుకు ఊళ్లో కూడా పనిచేస్తుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఆ 1,000 కిలోల కారు గతిజశక్తి 1.39 లక్షల జౌళ్లు. ఇంజను దక్షత పాతిక శాతం అనుకుంటే, ఆ వేగం తెచ్చుకోవడానికే సుమారు 16 మిల్లీలీటర్ల పెట్రోలు కాలింది. సిగ్నల్ దాకా తొక్కుకుంటూ వెళ్లి గట్టిగా బ్రేకు వేస్తే అదంతా డిస్కుల్లో వేడైపోతుంది. దూరంగా ఎర్ర లైటు కనబడగానే గేరులోనే ఉండి కాలు తీసేస్తే, మిగిలిన దూరంలో చాలా భాగం ఆ వేగంతోనే ఖర్చు లేకుండా వస్తుంది. ఆగబోయే ముందు క్లచ్ తొక్కితే చాలు. అప్పటికప్పుడు మైలేజీ చూపించే మీటరున్న కార్లలో కాలు తీయగానే అంకె చివరిదాకా ఎగబాకుతుంది. ఒకసారి గమనించండి.

ఒక్క మినహాయింపు ఉంది. వాలు మరీ తక్కువగా ఉండి, గేరులో కాలు తీస్తే బండి నెమ్మదించే చోట, వేగం పోగొట్టుకుని మళ్లీ తొక్కడం నష్టం. అక్కడ పై గేరులోనే ఉండి, వేగం నిలిచేంత కొద్దిగా తొక్కుతూ పోవాలి.