పాథాలజీ ఫెలోషిప్: జాబ్ కోసం చేసేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

పాథాలజీ (కణాలు, రక్తం చూసి జబ్బు తేల్చే శాఖ) ఎండీ పరీక్షలు అయిపోయాయంటే చాలు, జూనియర్ల ఫోన్లు మొదలు. "అక్కా, ఏ ఫెలోషిప్ చేస్తే జాబ్ గ్యారంటీ?" ఫెలోషిప్ అంటే ఎండీ తర్వాత ఒకే విభాగంలో చేసే అదనపు శిక్షణ. గ్యారంటీ మాట పక్కన పెట్టండి. హన్మకొండలో రోజూ స్లైడ్ల ముందు కూర్చునేదాన్ని, ఇక్కడ నాకు కనిపించేది చెప్తా.

అపోహ: ఫెలోషిప్ లేకపోతే ఇప్పుడు ఎవరూ తీసుకోరు.

ఎవరన్నారు? 2022లో మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, 2024లో ములుగు, నర్సంపేట, ఇలా మన చుట్టూనే ఎన్ని ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయో చూడండి. వాటిలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎండీ తర్వాత ఏడాది సీనియర్ రెసిడెన్సీ (ఎస్ఆర్, టీచింగ్ ఆసుపత్రిలో చేసే ఉద్యోగం) చూస్తారు, ఫెలోషిప్ సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే ఆ లెక్క తీరదు. టీచింగ్ వైపు మనసుంటే ముందు ఎస్ఆర్ అవగొట్టండి. ఇక ల్యాబుల సంగతి. పాథాలజీలో పీజీ చేసిన డాక్టరే రిపోర్టు మీద సంతకం పెట్టాలని 2017 డిసెంబర్లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, అందుకని ఉట్టి ఎండీకి కూడా పిలుపు వస్తుంది. కాకపోతే కొందరికి మీ సంతకం చాలు, కొందరికి మీ కన్ను కావాలి. ఫెలోషిప్ పనికొచ్చేది ఆ రెండో వాళ్ల దగ్గర.

అపోహ: ఎంత అరుదైన బ్రాంచ్ అయితే అంత డిమాండ్.

ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే. కిడ్నీ బయాప్సీ మంచి సబ్జెక్టు, కాదనను. కానీ దానికి బయాప్సీలు చేసే నెఫ్రాలజిస్టు ఉండాలి, ఇమ్యునోఫ్లోరోసెన్స్ (మెరిసే రంగులతో ముక్కను చూసే పరీక్ష) సెటప్ ఉండాలి, ఫార్మలిన్లో వేయకుండా ఇంకో ముక్క విడిగా పంపాలని ఆపరేషన్ థియేటర్ వాళ్లకు తెలిసుండాలి. ఇవేవీ లేని ఊళ్లో మీరు రెండేళ్లలో నేర్చుకున్నది మర్చిపోతారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండిపోతానంటే చేయండి, బాగుంటుంది. ఇంటికి వచ్చేస్తాననేవాళ్లు మాత్రం మన టేబుల్ మీదికి ఏం వస్తుందో చూసుకోవాలి. గుట్కా పుణ్యమా అని నోటి కేన్సర్లు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, థైరాయిడ్ గడ్డలు. నాలుక మీది గడ్డకు సైజు ఒక్కటే రాస్తే సరిపోదు, లోపలికి ఎంత దిగిందో, 5 మి.మీ. దాటిందా 10 దాటిందా చెప్పకపోతే స్టేజి తేలదు. ఫ్రోజెన్ (ఆపరేషన్ మధ్యలోనే ముక్కను గడ్డకట్టించి చూడటం) అయితే ఇంకా టెన్షన్, పేషెంట్ మత్తులో ఉంటే సర్జన్ చేతులు కట్టుకుని మీ ఫోన్ కోసం చూస్తుంటాడు, 20 నిమిషాల్లో చెప్పాలి. అందుకే ఇక్కడికి తిరిగొచ్చేవాళ్లకు నా ఓటు ఆంకోపాథాలజీకే, అంటే కేన్సర్ పాథాలజీకే.

హెమటాలజీ (రక్తం జబ్బులు) రెండో మాట. ఫ్లో సైటోమెట్రీ (రక్త కేన్సర్ కణాల రకం తేల్చే) మెషిన్ ఇక్కడ మీ చేతికి రాకపోవచ్చు, అయినా ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు ఏజెన్సీ వైపు నుంచి సికిల్ సెల్ (కొడవలి కణాల రక్తహీనత) కేసులు వస్తూనే ఉంటాయి. రక్తం ఎక్కించిన కొద్దిరోజులకే హెచ్‌పీఎల్‌సీకి (హిమోగ్లోబిన్ రకాలు తేల్చే పరీక్ష) శాంపిల్ పంపితే ఆ గ్రాఫ్‌లో సగం దాత రక్తమే కనిపిస్తుందని పట్టుకునే మనిషి జిల్లాలో కావాలి.

అపోహ: పెద్ద పేరున్న చోట చేస్తే చాలు.

నేను మోసపోయింది ఇందులోనే. ఒక పెద్ద ల్యాబులో ఆరు నెలల కోర్సు, పేరు గొప్పగా ఉంది కదా అని చేరా. పొద్దున లేస్తే సీబీసీ స్మియర్లు (మామూలు రక్త పరీక్ష స్లైడ్లు), యూరిన్ రిపోర్టులు. స్పెషల్ కేసులు సీనియర్ల గదిలోకి వెళ్లి తలుపు పడేది. సర్టిఫికెట్ మాత్రం బంగారు రంగు అంచుతో ఇచ్చారు, ఇప్పటికీ అమ్మ దగ్గర బీరువాలో ఉంది! చేరేముందు హెచ్‌ఓడీని కాదు, ఇప్పుడు అక్కడ చేస్తున్న ఫెలోని అడగండి: రోజుకు ఎన్ని కేసులు నీ చేతికి వస్తాయి, ముందు నువ్వు రాసి తర్వాత సార్ దిద్దుతారా, ఐహెచ్‌సీ ప్యానెల్ (కేన్సర్ రకం తేల్చే ప్రత్యేక రంగుల పరీక్షలు) నిన్ను ఎంచుకోనిస్తారా, పాత స్లైడ్లు తీసి చూసుకోనిస్తారా. ముంబై టాటా మెమోరియల్ కేన్సర్ ఆసుపత్రి లాంటి చోట పేరుతో పాటు కేసులూ ఉంటాయి, అది వేరే సంగతి.

అపోహ: మాలిక్యులర్ టెస్టులు (జన్యు పరీక్షలు) వచ్చేశాయి, మైక్రోస్కోప్ పని అయిపోయింది.

టెస్టుకు పంపే బ్లాకులో (మైనంలో పెట్టిన ముక్కలో) ట్యూమర్ ఉందో, ఉట్టి నెక్రోసిసే (చచ్చిన కణజాలమే) ఉందో ఎవరు చూస్తారు మరి? మనమే.

స్టైపెండ్ ఎంత, మధ్యలో మానేస్తే బాండ్ డబ్బు కట్టాలా అన్నది కాగితం మీద చూశాకే ఒరిజినల్స్ ఇవ్వండి. మొన్న జనగామ తమ్ముడొకడు ఎంఎన్‌జే (హైదరాబాద్ ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి) వైపా, బయటి రాష్ట్రమా అని గంటసేపు అడిగి, చివరికి "అక్కా, పెళ్లి సంబంధం కరీంనగర్‌లో కుదిరేట్టుంది" అన్నాడు. ఆ ముక్క ముందే చెప్తే పది నిమిషాల్లో అయిపోయేది కదరా.