సైకాలజిస్టు మందుల చీటీ రాయొచ్చా: బళ్ళారి నుంచి న్యూ మెక్సికో దాకా

మా చిన్నమ్మది పత్తికొండ పక్కన పల్లె. మనసు నిలకడగా ఉండడానికి ఏళ్ల తరబడి లిథియం మాత్రలు మింగుతోంది. ఒక మే నెలలో, వారం రోజులు చేనులో ఎండకు పనిచేసి వచ్చాక, కర్నూలులో తనకు కౌన్సెలింగ్ చేసే సైకాలజిస్టు దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన తెప్పించిన టీ గ్లాసు ఆమె చేతిలో వణికి చీర మీద ఒలికింది. ఆయన మాట ఆపి, నీళ్లు ఎన్ని తాగుతున్నావు, నడిస్తే తూలుతోందా అని అడిగి, అక్కడికక్కడే ఒక సైకియాట్రిస్టుకు, అంటే మందులు రాసే మానసిక వైద్యుడికి, ఫోన్ చేసినారు. రక్తపరీక్ష చేయిస్తే లిథియం మోతాదు మించి ఉంది. డాక్టరు మాత్రలు తగ్గించినారు.

"అన్నీ తెలిసినోళ్లు, మీరే రాసియ్యకూడదా సార్?" అని అడిగింది చిన్నమ్మ.

"నేను రాసేదానికి లేదమ్మా" అన్నారాయన.

ఎందుకు లేదో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్ అనే మందు వాడకం మొదలయ్యేదాకా మతి చెదిరిన మనిషికి పని చేసే మాత్రంటూ పెద్దగా లేదు. కాబట్టి మాత్ర ఎవరు రాయాలన్న తగాదా కూడా లేదు. మన దగ్గర 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ పెట్టినారు. ఇప్పటి నిమ్హాన్స్‌కు మూలం అదే. మరుసటి ఏడే అక్కడ డాక్టర్లకు ఒక డిప్లొమా, సైకాలజీ చదివినవాళ్లకు ఇంకొక డిప్లొమా మొదలైనాయి. ఒకే కప్పు కింద రెండు వృత్తులు పెరిగినాయి. ఒకరు ఎంబీబీఎస్ దాటి వచ్చినవాళ్లు, మరొకరు ఆ దారి తొక్కనివాళ్లు.

చట్టం ఆ గీతను ఇంకా గట్టిగా గీసింది. మందుల షాపులో ఇచ్చిన స్ట్రిప్‌ను తిప్పి చూడండి. షెడ్యూల్ హెచ్ మందైతే, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ (వైద్య మండలిలో నమోదైన డాక్టరు) చీటీ మీద తప్ప అమ్మరాదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 1945 నాటి మందుల నిబంధనల మాట అది. క్లినికల్ సైకాలజిస్టుల రిజిస్ట్రేషనేమో 1992 చట్టంతో వచ్చిన పునరావాస మండలి చేతిలో ఉంది, వైద్య మండలి చేతిలో కాదు. 1996లో పూనమ్ వర్మ కేసులో, హోమియో చదివి అల్లోపతి మందులిచ్చిన డాక్టరును సుప్రీంకోర్టు తప్పుపట్టింది. తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని తేల్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 106వ సెక్షన్ కూడా తన వృత్తి పరిధిలో లేని మందును ఎవరూ సూచించకూడదని చెబుతుంది. అదే చట్టం 89వ సెక్షన్ ప్రకారం, తనంతట తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్న రోగిని ఆసుపత్రిలో చేర్చడానికి సైకియాట్రిస్టుతో పాటు రిజిస్టరైన సైకాలజిస్టు అభిప్రాయం కూడా చెల్లుతుంది. మనిషిని చేర్చే కాగితం మీద చెల్లే సంతకం మాత్ర మీద చెల్లదు.

అమెరికాలో ఈ గీతను మొదట చెరిపి చూసింది సైన్యం. 1991లో రక్షణ శాఖ సైకాలజిస్టులకు మందుల శిక్షణ మొదలుపెట్టింది. 1997లో ఆపేసేనాటికి అందులోంచి బయటికొచ్చినవాళ్లు 10 మంది. ఒక్కొక్కరి మీద 6 లక్షల డాలర్లకు పైగా ఖర్చయిందని ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క తేల్చింది. ఆ పదిమంది బాగానే పని చేసినారని బయటి నిపుణులు చెప్పినారు. తర్వాత 2002లో న్యూ మెక్సికో, 2004లో లూసియానా చట్టాలు చేసినాయి. పల్లెల్లో సైకియాట్రిస్టులు లేరన్నదే అక్కడి ప్రధాన వాదన. ఆలూరు, ఆదోని జనానికి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేని వాదన అది. న్యూ మెక్సికోలో 450 గంటల చదువు, 100 మంది రోగుల మీద పర్యవేక్షణలో పని, ఆ తర్వాత రెండేళ్లు డాక్టరు కనుసన్నల్లో షరతుల లైసెన్సు. ఇల్లినాయి, అయోవా, ఐడహో, కొలరాడో, 2024లో యూటా ఆ వరసలో చేరినాయి. లూసియానాలో ఆ హక్కు పొందినవాళ్లు చివరికి వైద్య మండలి అజమాయిషీ కిందికే వచ్చినారు. నాకు ఇది చాలా ముఖ్యమైన సంగతి అనిపిస్తుంది.

మన పక్కనే మరో దారి పుట్టింది. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగమే. గుంతకల్లులో రైలెక్కితే బళ్ళారి ఎంతో దూరం కాదు. 1980ల్లో నిమ్హాన్స్ అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు మానసిక జబ్బులు గుర్తించడం, ఆరు ముఖ్యమైన మందులు వాడడం నేర్పింది. రోగి బెంగళూరు బస్సెక్కకుండా తన ఊరి దగ్గరే మాత్ర తీసుకున్నాడు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. అంటే మన దేశం చీటీ రాసే కలాన్ని సైకాలజిస్టుకు ఇవ్వలేదు, కలం ఉన్న పల్లె డాక్టరుకు మనసు జబ్బు నేర్పింది. అది సరిపోయిందా అంటే లేదు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ సర్వే చెప్పింది. ఓపీలో వంద మంది నిలబడి ఉంటే, నిద్ర ఎందుకు పట్టడం లేదని అడిగే తీరిక ఆ డాక్టరుకు ఎక్కడిది?

అయినా సైకాలజిస్టు చేతికి నేరుగా కలమిద్దామంటే నాకు మనసొప్పదు. లిథియం మూత్రపిండాల గుండా బయటికి పోయే ఉప్పు. చెమటకు ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే అది రక్తంలో పేరుకుంటుంది. మతి భ్రమకు ఇచ్చే మందుల్లో కొన్ని ఒంటి వేడి తగ్గే దారినే మందగింపజేస్తాయి. బీపీ మాత్రలతో, నొప్పి మాత్రలతో కూడా లిథియానికి పడకపోవచ్చు. మన మే నెల ఎండలో చేనుకు పోయే మనిషికి చీటీ రాసేవాళ్లకు మనసుతో పాటు కిడ్నీ, గుండె, థైరాయిడ్ కూడా తెలిసి ఉండాలి. ఆ చదువు, ఆ పర్యవేక్షణ, వైద్య మండలికి జవాబుదారీ ఉన్న రోజున నా అభ్యంతరం ఉండదు.

ఈలోగా చేయగలిగింది చాలా ఉంది. మానసిక ఆరోగ్య నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణానికి తేవడానికి 2017 చట్టం 31వ సెక్షన్ ప్రభుత్వాలకు పదేళ్లు గడువు పెట్టింది. చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న, గడువు తీరేది 2028లో. ఆదోని, గుంతకల్లు, ప్రొద్దుటూరు ఆసుపత్రుల్లో ఒక్కో సైకాలజిస్టు కుర్చీ వేసి, వణికే చేతిని చూసిన వెంటనే ఫోన్ చేయడానికి ఒక డాక్టరు నంబరు, లిథియం రక్తపరీక్ష చేసే ల్యాబు ఇవ్వడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.