గెంటేసిన కారణమే ఇప్పుడు ఆకర్షణ

బ్రిటిష్ చిత్రకారిణి ఐథెల్ కొహూన్ బొమ్మలను 2025లో అక్కడి మ్యూజియంల సంస్థ టేట్ మొదట సెయింట్ ఐవ్స్‌లో, తర్వాత లండన్‌లో ప్రదర్శనకు పెట్టింది. ఇన్నాళ్ళూ ఆమె పేరు ఎందుకు వినపడలేదు అన్నదానికి ఆడవాళ్ళను పట్టించుకోలేదన్న ఒక్క జవాబు సరిపోదు. ఆమె విషయంలో 1940 నాటి పేచీ ఒకటుంది.

కొహూన్ 1906లో షిల్లాంగ్‌లో పుట్టింది. తండ్రి అప్పటి బ్రిటిష్ సర్కారులో ఉద్యోగి. పసితనంలోనే ఇంగ్లండ్ తీసుకెళ్ళిపోయారు కాబట్టి మన మనిషేనని చెప్పుకునేంత బంధుత్వం లేదు. లండన్‌లోని స్లేడ్ స్కూల్లో చదువుకుంది. 1936లో లండన్‌లో జరిగిన సర్రియలిస్టుల (కలల్నీ, మనసు అడుగు పొరల్నీ బొమ్మ కట్టే కళాకారుల) అంతర్జాతీయ ప్రదర్శన చూశాక అటు మళ్ళింది.

1938లో వేసిన 'సిల్లా' చూడండి. సముద్రంలోంచి రెండు నున్నటి బండలు లేచి పైన ఒకదానికొకటి ఆనుకుంటాయి. వాటి మధ్యలోకి ఒక పడవ వస్తూ ఉంటుంది, కింద నీళ్ళలో నాచు. కాసేపు చూస్తే అవి బండలు కావు, తొట్టిలో స్నానం చేస్తున్న ఆడమనిషి తొడలు. తొట్టిలో పడుకుంటే తన ఒళ్ళు తనకు ఎలా కనిపించిందో అదే వేశానని కొహూనే చెప్పింది. ఒక బొమ్మలో రెండు బొమ్మలు దాచడం సర్రియలిస్టు చిత్రకారుడు డాలీ విద్యే, కానీ ఇక్కడ చూస్తున్నదీ కనిపిస్తున్నదీ ఆమే.

ఇక పేచీ. 1940లో లండన్ సర్రియలిస్టు బృందం పెద్ద మెసెన్స్ సభ్యులకు షరతులు పెట్టాడు: కార్మిక విప్లవానికి కట్టుబడాలి, వేరే సంఘాల్లో చేరకూడదు, బృందం గొడుగు కింద తప్ప బొమ్మలు పెట్టకూడదు, రాతలు అచ్చువేయకూడదు. కొహూన్‌కు మంత్రశాస్త్రం, రహస్య సంఘాలంటే ప్రాణం. వదలనంది, బృందం నుంచి బయటికి పోవాల్సి వచ్చింది. విచిత్రమేమిటంటే పారిస్‌లో సర్రియలిజానికి మూలపురుషుడైన బ్రెతన్‌కూ ఇవే విషయాల మీద మోజు. 1947 సర్రియలిస్టు ప్రదర్శనను ఆయన మంత్రతంత్రాల చుట్టూనే అల్లాడు! తర్వాత ఆమె పెళ్ళాడిన టోనీ డెల్ రెంజియోకు మెసెన్స్‌తో పడదు. దాంతో దూరం ఇంకా పెరిగింది. ఆ పెళ్ళీ 1947లో విడాకులతో ముగిసింది.

ఆ తర్వాత ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ చేరింది. నీళ్ళ మీద బొగ్గుపొడి చల్లి, అట్టలాంటి కాగితాన్ని నీటి కిందుగా జరిపి ఆ పొడిని ఎత్తుకునే పద్ధతిని తనే కనిపెట్టింది. అలా పడ్డ మరకలోంచి ఏ రూపం వస్తే దాన్ని పట్టుకోవడం ఆమె పని.

1988లో చనిపోతూ మంత్రశాస్త్రం సరుకంతా టేట్‌కు, మిగతావి నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చింది. ట్రస్ట్ చూసుకునేది ప్రధానంగా పాత భవనాలు, తోటలు, సముద్ర తీరాలు. 2019లో ఆ ట్రస్ట్ తన దగ్గరున్న 5,000కు పైగా స్కెచ్‌లను, బొమ్మలను, కాగితాలను టేట్‌కు అప్పగించాకే అన్నీ ఒకచోట చేరాయి. ఆలోపు గాలి కూడా మారింది. ఆత్మలతో మాట్లాడానన్న స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ బొమ్మలను 2018-19లో న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియంలో 6 లక్షల మందికి పైగా చూశారు. మెసెన్స్ ఏవగించుకున్నదే ఇప్పుడు జనాన్ని రప్పిస్తోంది. నా లెక్కలో కొహూన్‌ను వెలికి తీసింది విమర్శకుల పశ్చాత్తాపం కన్నా ఈ ఫ్యాషనూ, 2019 నాటి ఆ కాగితాల బదిలీనే.

టేట్ 'సిల్లా'ను కొన్నది 1977లో. అదే ఏడాది కొహూన్ కార్న్‌వాల్‌లోని న్యూలిన్‌లో జోస్యం చెప్పడానికి వాడే టారో కార్డులను తన పద్ధతిలో 78 వేసి ప్రదర్శనకు పెట్టింది. మామూలు టారో కార్డుల్లో ఉండే మనుషులు, రాజులు వాటిలో లేరు, ఒలికి పాకిన ఎనామెల్ రంగులే.