రెండేళ్లు దాటినా మాటలు రాకపోతే

"వాళ్ల నాన్నకీ మూడేళ్లదాకా మాటలు రాలేదు, వీడూ మాట్లాడతాడులే." ఇంట్లో పెద్దవాళ్ల ఈ ధైర్యంలో కొంత నిజముంది. మాటలు ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు. కానీ ఎవరు అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో ఇంట్లో కూర్చుని తేల్చలేం. రెండేళ్లకి 50 మాటలు రాకపోయినా, "అమ్మా రా" లాంటి రెండు మాటలు కలపకపోయినా చూపించండి. ఏడాదిన్నరకీ వేలు పెట్టి చూపించకపోయినా, వచ్చిన మాటలే పోయినా అసలు ఆగొద్దు.

ముందు వినికిడి పరీక్ష చేయించాలి. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడుతున్నాడు కాబట్టి చెవులు బాగున్నాయనుకుంటాం. పెద్ద చప్పుళ్లు వినబడి, 'స' లాంటి సన్నని శబ్దాలు అందని పిల్లలూ ఉంటారు. మధ్యచెవిలో నీరు చేరినా మాట స్పష్టంగా వినబడదు. ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలకి బిడ్డ జవాబు చెప్పక్కర్లేదు, నిద్రపోతుండగానే చేసేస్తారు. కేంద్ర ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లాల్లో డైక్ సెంటర్లున్నాయి, ఇలాంటి ఇబ్బందుల్ని చిన్నప్పుడే గుర్తించి సాయం చేసేవి. సికింద్రాబాద్‌లో, మాట, వినికిడి ఇబ్బందుల కోసం పనిచేసే జాతీయ సంస్థ అలీ యావర్ జంగ్ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. నాలుక మీద వస రాస్తే మాటలు రావు, దయచేసి దాంతో నెలలు గడపకండి.

ఫోన్‌లో రైమ్స్ పెడితే నేర్చుకుంటాడన్న ఆశ కూడా వద్దు. పిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో, తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనీస్ మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడించి, కథలు చదివారు. ఆ పిల్లలు చైనీస్ శబ్దాల తేడా పట్టేశారు. అదే వీడియోలో చూపించిన పిల్లలకి ఏమీ అబ్బలేదు.

కాబట్టి మనిషే కావాలి, అదీ ఆగి వినే మనిషి. బిడ్డ డబ్బా వైపు చెయ్యి చాపి "ఊఁ" అంటాడు. మనం వెంటనే అందించేస్తాం, లేకపోతే "బిస్కెట్ అను, అను" అని వెంటపడతాం. అలా కాకుండా, మీ ముఖం కనబడేలా కింద కూర్చోండి. "బిస్కెట్ కావాలా?" అని ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. అలవాటు లేకపోతే ఆ కాసేపూ ఆగడం నిజంగా కష్టం. చూపు, సైగ, "బి" అన్న శబ్దం, ఏదొచ్చినా జవాబే. "ఆఁ, బిస్కెట్! ఇదిగో బిస్కెట్" అంటూ ఇచ్చేయండి. మాట రాలేదని దాచిపెట్టి ఏడిపించొద్దు. "బువ్వ" అంటే "బువ్వ తిందాం" అని ఒక మాట కలపండి. స్నానంలో, బట్టలు మడతపెట్టేటప్పుడు ఇదే పని. ప్రశ్నలు తగ్గించి, చేస్తున్నది చెబుతుండండి.

అమెరికాలో మాట ఆలస్యమవగానే తెలుగు మానేసే ఇళ్లున్నాయి. రెండు భాషలు వినడం వల్ల ఈ ఇబ్బంది రాదు. తెలుగు ఆపేస్తే తాతయ్య, అమ్మమ్మలతో కబుర్లే పోతాయి.

స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లేముందు బిడ్డ అనే మాటలన్నీ, రెండు భాషలవీ, కాయితం మీద రాసుకెళ్లండి. "బౌ" అన్నది ప్రతిసారీ కుక్కని చూసే అంటే, అదీ ఒక మాట కిందే లెక్క.