చెచ్న్యా ఊళ్లు, జనాభా: అపోహలు - వాస్తవాలు

నేను చేసేది మ్యాప్ డేటా పని, అంటే ఊరి పేరు కరెక్టా, ఏ జిల్లాలోకి వస్తుంది, జనాభా ఎంత, ఇదే రోజంతా. రష్యా దక్షిణ అంచునున్న ఉత్తర కాకసస్ నా వంతుకి వచ్చినప్పట్నుంచి, అక్కడి చెచ్న్యా అనే రిపబ్లిక్ (రష్యాలో ఒక రాష్ట్రం లాంటిది) గురించి జనం చెప్పే మాటలు వింటే ఊరుకోబుద్ధి కావట్లేదు.

అపోహ: అదంతా కొండలే, గుట్టకో నాలుగిళ్లు.
కొండలున్నాయి, దక్షిణాన టెబులోస్‌మ్టా 4,493 మీటర్లు. కానీ జనం ఎక్కువగా ఉండేది సుంజా, అర్గున్ నదుల పక్కన మైదానంలో. పైనున్న షరోయ్, ఇటుమ్-కాలీ జిల్లాల్లో కొన్ని వేల మందే. 1944 ఫిబ్రవరి 23న స్టాలిన్ ప్రభుత్వం చెచెన్లని, పక్కనే ఉండే ఇంగుష్ జాతివాళ్లని కలిపి దాదాపు 5 లక్షల మందిని గూడ్స్ బండ్లెక్కించి కజకిస్తాన్, కిర్గిజియా పంపేసింది, 1957 నుంచి తిరిగొచ్చారు గానీ పైన కొండల్లో చాలా ఊళ్లకి మళ్లీ వెళ్లనివ్వలేదు. గలన్‌చోజ్ అనే కొండ ప్రాంతం వైపు ఇప్పటికీ రాతి బురుజులు, పాడుబడ్డ గోడలే ఎక్కువ. కాబట్టి ఖాళీగా ఉన్న కొండని చూసి వాళ్లే వదిలేశారు అనకండి.

అపోహ: పల్లె అంటే చిన్నది.
రష్యా లెక్కల్లో 'సెలో' అని రాసుంటే పల్లె అని వదిలేస్తారు. అచ్‌ఖోయ్-మార్తాన్ సెలోయే, 2010 లెక్కల్లో 20 వేల పైన జనం! కుర్చలోయ్‌కి టౌన్ హోదా 2019లో గానీ రాలేదు. మన మేజర్ పంచాయతీల టైపు అనుకోండి. ఇంకోటి, ఊరి పేరు చివర 'యుర్త్' ఉంటే సంచార జనం వేసుకునే యుర్త్ గుడారం కాదు, తుర్కిక్ భాషల నుంచి వచ్చిన మాట, ఊరు అనే అర్థం.

రాజధాని గ్రోజ్నీ పేరు కూడా చెచెన్లు పెట్టింది కాదు. 1818లో రష్యన్ జనరల్ యెర్మోలోవ్ కట్టించిన కోట పేరు గ్రోజ్నాయా, అంటే భయం పుట్టించేది. చెచెన్ భాషలో సోల్జ-గాలా, సుంజా నగరం. నేనైతే రెండూ పెడతా, ఒకటే పెట్టమంటే గొడవే.

అపోహ: 1990ల నుంచి రష్యాతో జరిగిన యుద్ధాల్లో జనాభా సగమైపోయింది.
జరిగిన నష్టం చిన్నదని నేననను. కానీ ఈ మాట చెప్పేవాళ్లు సాధారణంగా 1989 సంఖ్యతో పోలుస్తారు, ఆ 12.7 లక్షలు అప్పటి ఉమ్మడి రిపబ్లిక్ చెచెనో-ఇంగుషేతియా మొత్తానివి, ఇంగుషేతియా 1992లో విడిపోయింది. చెచ్న్యా ఒక్కదానికీ 2002లో 11.03 లక్షలు, 2010లో 12.68, 2021లో 15.10 లక్షలు. 2002 లెక్క ఎక్కువ చూపించారని జనాభా నిపుణులే అనుమానపడ్డారు, అందుకే దాని మీద నేను పెద్దగా ఆధారపడను. గ్రోజ్నీ విషయం వేరు: 1989లో దాదాపు 4 లక్షలు, 2002లో 2.1 లక్షలు, 2021లో 3.28 లక్షలు. పైగా ఊరి జనం కూడా మారిపోయారు, 1989లో అక్కడ సగానికి పైగా రష్యన్లే, 2010 నాటికి రిపబ్లిక్ మొత్తంలోనూ రష్యన్లు 24 వేల మందే మిగిలారు.

అపోహ: చెచెన్లందరూ చెచ్న్యాలోనే ఉంటారు.
పక్క రిపబ్లిక్ దాగెస్తాన్‌లో ఖసవ్‌యుర్త్ చుట్టూ ఉన్నారు, జార్జియాలో పాంకిసి లోయలో దుయిసి లాంటి ఊళ్లున్నాయి, జోర్డాన్‌లో జర్కా, అజ్రక్ దగ్గర ఉన్నారు. అటు చూస్తే చెచ్న్యా ఉత్తరాన ఉన్న నౌర్, షెల్కోవ్‌స్కాయా జిల్లాల్లోవి ఒకప్పటి కొసాక్ (రష్యా సరిహద్దు కాపలా సైనికుల) ఊళ్లు, ఆ జిల్లాల్ని 1957లో రష్యాలోని స్తావ్రోపోల్ ప్రాంతం నుంచి తీసి కలిపారు.

చివరగా బెనోయ్, కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. బెనోయ్ ఒక ఊరు, అదే పేరుతో పెద్ద తైప్, అంటే వంశం కూడా ఉంది. మన ఇంటిపేర్లు ఊళ్ల నుంచి వచ్చినట్టే, గ్రోజ్నీలో పుట్టినవాడు కూడా మాది బెనోయ్ అంటాడు. ఆ పేరు పక్కన ఎవరైనా లక్షల్లో సంఖ్య రాశారంటే అది వంశం లెక్క, ఊరి కాలమ్‌లో వెయ్యొద్దు.