పని పోయింది, లాయం మిగిలింది

నవంబర్ వచ్చిందంటే ఇంగ్లండ్‌లో చాలా లివరీ యార్డుల్లో ఒక నోటీసు పడుతుంది. మాటలు అటూ ఇటూగా ఉన్నా సంగతి ఒకటే. పొలాలు నానిపోయాయి, ఇకనుంచి గుర్రాలను రోజుకు రెండు మూడు గంటలే బయటికి వదులుతాం, వాన ముదిరితే అదీ ఉండదు, మార్చి చివర్లో మళ్లీ చూద్దాం. ఆ రోజునుంచి గుర్రాల సొంతదారులకు టెన్షన్ మొదలు. ఆఫీసుకు వెళ్లేముందు చీకట్లోనే ఒకసారి, ఆఫీసు అయ్యాక మళ్లీ చీకట్లో ఒకసారి యార్డుకు పరుగు. డిసెంబర్ చివర్లో లండన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు.

లివరీ యార్డంటే తేలిగ్గా చెప్పాలంటే గుర్రాల హాస్టల్. సొంత పొలం లేనివాళ్లు నెలకింత అని కట్టి గుర్రాన్ని అక్కడ ఉంచుతారు. గది ఒక్కటే అద్దెకు తీసుకుని దాణా పెట్టడం, లద్ది ఎత్తడం తామే చేసుకుంటే డీఐవై లివరీ. అన్నీ యార్డువాళ్లే చూస్తే ఫుల్ లివరీ. రెంటికీ మధ్య పార్ట్ లివరీ. గుర్రాన్ని జీనూ కళ్లెం లేకుండా పొలంలో వదిలేయడాన్ని టర్నౌట్ అంటారు. గొడవంతా ఆ టర్నౌట్ గంటల దగ్గరే. రోజుకు ఇరవై రెండు గంటలు పన్నెండడుగుల గదిలో నిలబెడితే అది గుర్రమేనా అని ఒకరు అడుగుతారు. ఇప్పుడు పొలాన్ని తొక్కించేస్తే వసంతంలో ఏం మేస్తుందని ఇంకొకరు. ఇద్దరిదీ నిజమే. అందుకే ఈ తగువు ఏటా నవంబర్లో మొదలై, ఏప్రిల్లో తేలకుండానే ఆగిపోతుంది.

దీని మూలం వెతకాలంటే గుర్రం పని చేసిన రోజుల్లోకి వెళ్లాలి.

లివరీ అన్న మాట పాత ఫ్రెంచిది. అందజేసినది అని అర్థం. దొర తన నౌకర్లకు ఇచ్చే తిండీ బట్టా మొదట లివరీ. తర్వాత గుర్రానికి కొలిచి పోసే దాణాకూ అదే పేరు వచ్చింది. 1631లో చనిపోయిన థామస్ హాబ్సన్ కేంబ్రిడ్జ్‌లో గుర్రాలు అద్దెకిచ్చేవాడు. ఆయన లాయంలో నలభై గుర్రాల దాకా ఉండేవని చెబుతారు. వచ్చినవాడు తలుపు దగ్గరున్న గుర్రాన్నే తీసుకోవాలి, లేదా ఊరికే వెళ్లిపోవాలి. మంచి గుర్రాలనే అందరూ అడిగి అరగదీయకుండా వంతు పెట్టాడన్నమాట. పరుగెత్తి వచ్చిన గుర్రం వెనక వరుసలోకి పోయి తన వంతు వచ్చేదాకా సేద తీరేది. హాబ్సన్ లెక్కలో లాయమంటే విశ్రాంతి. అప్పటికి అది సరైన లెక్కే.

రెండు వందల ఏళ్ల తర్వాత, 1820ల్లో, టర్నౌట్ గురించి ఒక పెద్ద వాదం నడిచింది. అయితే అది ఇవాళ్టి వాదానికి తలకిందులు. గుర్రాల మీద నక్కల వేట ఇంగ్లండ్‌లో నవంబర్ నుంచి వసంతం దాకా సాగేది. సీజన్ అయిపోగానే వేట గుర్రాలను వేసవంతా పచ్చిక మీదికి తోలేసేవారు. నిమ్రాడ్ అనే కలంపేరుతో రాసే చార్లెస్ జేమ్స్ ఆపర్లీ ఈ అలవాటు మీద విరుచుకుపడ్డాడు. నెలల తరబడి పచ్చగడ్డి మేసి పొట్ట దింపుకున్న గుర్రాన్ని తిరిగి వేటకు తయారు చేయడం ఎంత కష్టమో చెబుతూ, వేసవిలోనూ లాయంలోనే ఉంచి ఓట్స్ పెట్టి వ్యాయామం చేయించాలన్నాడు. వాళ్లు కొట్టుకున్నది వేసవి గురించి. చలికాలంలో లోపల ఉంచాలా వద్దా అన్నది ఎవరికీ ప్రశ్నే కాదు. వేట గుర్రానికి చలికాలమే పనికాలం. గంటల తరబడి కంచెలు దూకి వచ్చిన జంతువు రాత్రి పొడిగడ్డి మీద నిలబడితే ఎవరు కాదంటారు? చలికాలం అంటే లాయం అన్న సూత్రం ఇంగ్లండ్ గుర్రపు స్వారీలో ఇలా పాతుకుపోయింది. దాని వెనకున్న వేట పని మాత్రం ఇవాళ్టి యార్డుల్లో చాలా గుర్రాలకు లేదు.

ఊళ్లలో గుర్రాలకు వేసవీ లేదు, చలికాలమూ లేదు. లండన్‌లో ప్యాడింగ్టన్ స్టేషన్ పక్కన గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1870ల చివర్లో కట్టిన మింట్ స్టేబుల్స్‌లో గుర్రాలు అంతస్తుల మీద ఉండేవి. పైకి ఎక్కడానికి ర్యాంపులు. ఆ కట్టడం ఇప్పుడు సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో ఒక భాగం. గుర్రపు బస్సుల కంపెనీలు జతలు మార్చి కట్టడానికి ఒక్కో బస్సుకు పది పన్నెండు గుర్రాలను పోషించేవి. మనిషి చేతులు చాపితే రెండు పక్కలా అడ్డగోడలు తగిలే సందులో కట్టేసి ఉంచేవారు. వెనక్కి తిరిగే వీలు కూడా లేదు. కానీ ఆ గుర్రం రోజూ మైళ్ల కొద్దీ బరువు లాగి వచ్చేది. ఆకలితో వచ్చి, తిని, నిద్రపోయేది. కదలికకు లోటు లేదు.

లోటు ఒక్క ఆదివారం వచ్చేది. ఆ రోజు బండ్లు కట్టరు, దాణా మాత్రం పనిరోజు లెక్కనే పోస్తారు. సోమవారం పొద్దున బండికి పూన్చి కొంచెం దూరం నడిపించేసరికి వెనక కాళ్ల కండరాలు రాయిలా బిగుసుకుపోయి, ఒళ్లంతా చెమటలు పట్టి, గుర్రం అడుగు వేయలేకపోయేది. మూత్రం కాఫీ రంగులో వచ్చేది. బండివాళ్లు దీనికి పెట్టిన పేరు సోమవారం జబ్బు. ఇప్పటి పశువైద్యులు ఇందులో కండర కణాలు చితికిపోతాయని చెబుతారు, పేరు కూడా వేరే పెట్టారు. బండివాళ్ల పేరే నాకు నచ్చుతుంది, కారణం పేరులోనే ఉంది కాబట్టి. కష్టపడి పనిచేసే గుర్రాన్ని ఒక్క రోజు నిలబెడితేనే అంత పని జరిగేది. ఆ లెక్కన ఇప్పటి కొన్ని యార్డుల చలికాలం ఐదు నెలల ఆదివారం. అదృష్టం కొద్దీ ఇప్పుడు దాణా తగ్గించాలని అందరికీ తెలుసు.

బొగ్గు గనుల్లో బండ్లు లాగిన పోనీల, అంటే పొట్టి జాతి గుర్రాల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. 1913 ప్రాంతంలో బ్రిటన్ గనుల్లో అవి 70 వేల దాకా ఉండేవి. లోతైన గనుల్లో వాటి లాయాలు కూడా భూమి కిందే. ఏడాదికోసారి గనికి సెలవులిచ్చినప్పుడు పైకి తెచ్చి కొన్నాళ్లు పొలంలో వదిలేవారు. ఏడాదికి అంతే టర్నౌట్.

లండన్ జనరల్ ఆమ్నిబస్ కంపెనీ చివరి గుర్రపు బస్సు 1911 అక్టోబర్ 25న నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టర్లు పొలాల్లోంచీ గుర్రాన్ని తప్పించాయి. గుర్రం మాయమైపోవలసింది, కానీ సరదాకి స్వారీ చేసేవాళ్లు దాన్ని నిలబెట్టారు. పోనీ క్లబ్ 1929లో, బ్రిటిష్ హార్స్ సొసైటీ 1947లో పుట్టాయి. స్వారీ నేర్పే బడులకు 1964 చట్టంతో లైసెన్సు తప్పనిసరైంది. సొంత గుర్రాన్ని డబ్బు కట్టి వేరేచోట ఉంచుకునే లివరీ ఆ చట్టం కిందికి రాలేదు. ఇంగ్లండ్‌లో 2018లో జంతువుల వ్యాపారాల లైసెన్సు నిబంధనలు తిరగరాసినప్పుడూ రాలేదు. గుర్రాన్ని గంటకు అద్దెకిస్తే లైసెన్సు కావాలి. ముప్ఫై మంది గుర్రాలను ఏళ్ల తరబడి అట్టేపెట్టుకుంటే అక్కర్లేదు.

ఇన్ని లివరీ యార్డులు రావడానికి ఒక కారణం గుర్రాలతో సంబంధం లేనిది: పాలు. 1984లో యూరోపియన్ కమ్యూనిటీ పాల మీద కోటాలు పెట్టింది, అప్పట్లో బ్రిటన్ కూడా అందులో సభ్యదేశమే. కోటా దాటి పాలు పోస్తే జరిమానా. చిన్న పాడి రైతులకు దెబ్బ తగిలింది. వేరే ఆదాయాలు చూసుకోండని ప్రభుత్వం కూడా రైతులకు చెప్పడం మొదలుపెట్టింది. ఊరికి దగ్గరగా ఉన్న పొలం, ఖాళీ పడిన ఆవుల కొట్టం, పక్క పట్నంలో గుర్రం కొనుక్కోవాలని ఉన్న ఉద్యోగులు. కొట్టంలో చెక్క అడ్డుగోడలు లేచాయి, పొలానికి కరెంటు టేపు కంచెలు పడ్డాయి, బోర్డు మారింది.

చాలామంది గమనించని విషయం ఇక్కడ ఒకటుంది. ఆ రైతు ఆవులను కూడా చలికాలంలో బయటికి వదిలేవాడు కాదు. శీతాకాలమంతా ఆవులు కొట్టంలో ఉండడం, గడ్డి పెరిగే వేళకు పచ్చికకు తోలడం అక్కడి పాడిలో మామూలు. ఆ పొలం నవంబర్ నుంచి మార్చి దాకా గిట్ట పడకుండా బతికిన పొలం. గుర్రాలకు ఆవుల కొట్టంతో పాటు ఆవుల క్యాలెండరు కూడా దక్కింది. తేడా ఏమిటంటే ఆవులు కొట్టంలో మందగా అటూ ఇటూ తిరిగేవి. గుర్రానికి మాత్రం ఒక్కోదానికి ఒక్కో గది.

ఇక మట్టి. దక్షిణ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల బంకమట్టి. లండన్ కింద ఉన్న దానికి పేరే లండన్ క్లే. వానాకాలంలో నల్లరేగడి చేలో నడిచినవాళ్లకు దీని గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. అర టన్ను బరువున్న గుర్రం, కాళ్లకు ఇనుప లాడాలు, పైగా గేటు దగ్గర పదిసార్లు తిరగడం. వారంలో ఆ జాగా వరి మడి దమ్ము చేసినట్టు తయారవుతుంది. నేల వేడి ఐదారు డిగ్రీల కిందికి పడితే గడ్డి పెరుగుదల ఆగిపోతుంది కాబట్టి, నవంబర్లో పెరికేసిన గడ్డి వసంతం దాకా లేవదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్న సామెత గుర్రానికి మరీ వర్తిస్తుంది. ఎడతెగని బురదలో మడమల దగ్గర చర్మం పగిలి పుండ్లు పడతాయి, దాన్ని మడ్ ఫీవర్ అంటారు. రోజూ నీళ్లు కొట్టి కడిగితే చర్మం ఇంకా మెత్తబడి ముదురుతుంది.

2022 వేసవి నుంచి జరిగింది చూస్తే యార్డువాళ్ల ఇబ్బంది తెలుస్తుంది. ఆ జులైలో ఇంగ్లండ్‌లో ఉష్ణోగ్రత మొదటిసారి 40 డిగ్రీలు దాటింది. పచ్చిక ఎండిపోయింది. చలికాలానికి దాచుకున్న పొలాలను, గడ్డిమోపులను ముందే వాడేసినవాళ్లున్నారు. వెంటనే వానలు. 2022 అక్టోబర్ నుంచి 2024 మార్చి దాకా పద్దెనిమిది నెలల్లో ఇంగ్లండ్‌లో సుమారు 1,696 మిల్లీమీటర్లు కురిసింది. 1836 నుంచి ఉన్న రికార్డుల్లో ఏ పద్దెనిమిది నెలల్లోనూ అంత పడలేదు. గుర్రాలను వదిలే నేల ఎక్కడుంది?

అయితే వాన మీదే నెపం పెట్టడం కూడా కుదరదు. గుర్రాలను ఎలా చూసుకోవాలో చెప్పే ప్రభుత్వ సంక్షేమ కోడ్ (2017లో సవరించింది) ప్రకారం వేరే మేత పెట్టకపోతే ఒక్కో గుర్రానికి అర హెక్టారు నుంచి హెక్టారు పచ్చిక కావాలి, అంటే ఎకరంపావు నుంచి రెండున్నర ఎకరాలు. ఇరవై గుర్రాలున్న యార్డుకు ఆ లెక్కన 25 నుంచి 50 ఎకరాలు. పట్నం అంచున అంత నేల ఉన్న యార్డులెన్ని? గది కట్టడం తేలిక, ఎకరం కొనడం కష్టం. వచ్చే అద్దె గదుల సంఖ్య మీద ఆధారపడుతుంది, ఎకరాల మీద కాదు. జూన్‌లో పచ్చిక చూపించి, పొలం మోయలేనన్ని గదులు నింపి, నవంబర్లో వానను తిట్టేవాళ్లను సమర్థించలేం. సొంతదారుల్లోనూ అలాంటి వాళ్లున్నారు. ఖరీదైన గుర్రానికి పక్క గుర్రం తన్ను తగులుతుందని భయపడి విడి పొలం కావాలంటారు. ఒక్కోదానికి ఒక్కో ముక్క చేసేసరికి ఆ ముక్క పది రోజుల్లో బురద.

గుర్రం వైపునుంచి చూస్తే, వదిలేస్తే రోజులో సగానికి పైగా తల వంచి మేస్తూ, మెల్లగా నడుస్తూ ఉండే జంతువు అది. గదిలో పెడితే కొన్ని చెక్క కొరుకుతూ గాలి లోపలికి లాగుతాయి, కొన్ని తలుపు దగ్గర ఏనుగులా అటూ ఇటూ ఊగుతాయి. వీటిని చాలాకాలం చెడు అలవాట్లు అనేవారు, మెడకు పట్టీలు కూడా బిగించేవారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నాలుగేళ్లు రెండు వందలకు పైగా పిల్ల గుర్రాలను గమనించి 2002లో ప్రకటించిన ఫలితాలు వేరేగా చెప్పాయి. తల్లినుంచి విడదీసేటప్పుడు పొలంలో ఉంచిన వాటికన్నా గదుల్లో, కొట్టాల్లో పెట్టినవాటిలో ఈ లక్షణాలు ఎక్కువ. దాణా మొదలుపెట్టినవాటిలో చెక్క కొరకడం మరీ ఎక్కువ. తప్పు గుర్రం బుద్ధిది కాదని అప్పటికి లెక్కల్లో తేలింది.

చట్టం ఆలస్యంగానైనా వచ్చింది. 2006 జంతు సంక్షేమ చట్టం సహజంగా మసలుకునే అవకాశాన్ని జంతువు అవసరాల్లో ఒకటిగా చేర్చింది. కానీ రోజుకు ఎన్ని గంటలు బయట ఉండాలో చెప్పలేదు, కోడ్ కూడా అంకె చెప్పదు. స్విట్జర్లాండ్ 2008 నాటి నిబంధనల్లో అంకె వేసింది. స్వారీకో పనికో వాడని గుర్రాన్ని రోజూ కనీసం రెండు గంటలు బయట వదలాలి. అక్కడా మంచు, బురద ఉన్నాయి. అందుకని వాన వచ్చినా పాడవని గట్టి నేల ఆవరణలు కట్టుకున్నారు.

ఇంగ్లండ్‌లోనూ ఇప్పుడు చాలామంది ఆ దారే చూస్తున్నారు. ప్లాస్టిక్ గళ్ల చాపలు పరిచి, ఇసుకో చెక్క పేళ్లో పోసి, గడ్డి లేకపోయినా నాలుగు గుర్రాలు కలిసి తిరిగే జాగా. ఇక్కడ ఇంకో పాత ముడి తగులుతుంది. ఏ నేలను దేనికి వాడొచ్చో తేల్చే అక్కడి ప్లానింగ్ లెక్కలో గుర్రం పొలంలో గడ్డి మేస్తే అది వ్యవసాయం, సరదా స్వారీ కోసం ఉంచితే కాదు. అందుకే అలాంటి ఆవరణ వేయడానికి మామూలుగా స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి, పట్నం పాకకుండా చుట్టూ కట్టడాలు కట్టడి చేసిన గ్రీన్ బెల్ట్‌లో అయితే ఇంకా కష్టం. చిన్న దరఖాస్తు తేల్చడానికి కౌన్సిల్‌కు ఎనిమిది వారాల గడువు. నవంబర్ నోటీసు చూసి మేల్కొని దరఖాస్తు పెడితే జవాబు జనవరిలో వస్తుంది. అప్పుడు రాళ్లు మోసే ట్రాక్టరు ఆ బురదలోకే దిగాలి.